పైథాన్ లిస్ట్ లింక్డ్ లిస్ట్ ఎందుకు కాదు? డేటా స్ట్రక్చర్ల పేర్లు భాష భాషకూ ఎందుకు మారతాయి?

మీరు అడిగినది క్లుప్తంగా మళ్లీ చెబుతాను. డిప్లొమాలో సి భాషతో లింక్డ్ లిస్ట్ (ఒకదానికి ఒకటి లింకు కట్టిన ముక్కల గొలుసు) నేర్చుకున్నారు. ఇప్పుడు పైథాన్ ఉద్యోగాలకు వెళుతున్నారు. ఇంటర్వ్యూలో "పైథాన్ లిస్ట్ లోపల ఎలా ఉంటుంది?" అని అడిగితే "లింక్డ్ లిస్ట్ సర్" అన్నారు. తప్పన్నారు. ఆ టెన్షన్‌లో తర్వాతి సమాధానాలు కూడా తడబడ్డాయి. ఒకే వస్తువుకు ఒక్కో భాషలో ఒక్కో పేరు ఎందుకు, వాటిలో సరైనది ఏది, ఇవన్నీ ఎలా గుర్తుపెట్టుకోవాలి అన్నది మీ ప్రశ్న.

ముందు సూటిగా జవాబు. పైథాన్ లిస్ట్ లింక్డ్ లిస్ట్ కాదు, అవసరాన్ని బట్టి పెరిగే అర్రే, అంటే పక్కపక్క గదుల వరస. డేటా స్ట్రక్చర్ (డేటాను అమర్చి ఉంచే పద్ధతి) పేరు రెండు సంగతుల్లో ఏదో ఒకటి చెబుతుంది: దాన్ని దేనికి వాడతామో, లేదా దాని లోపలి కట్టుబడి ఏమిటో. పైథాన్‌లో లిస్ట్ అన్నది వాడకాన్ని చెప్పే పేరు. మీరు చదువుకున్న లింక్డ్ లిస్ట్ కట్టుబడిని చెప్పే పేరు. ఏ భాషలో ఏ పేరు ఏ రకమో ఆ పేరు చూసి తెలియదు. ఆ భాష దాన్ని ఏ పాత భాష నుంచి తెచ్చుకుందో దాన్ని బట్టి ఉంటుంది. అందుకే అన్ని భాషలకూ చెల్లే సరైన పేరు అంటూ ఒకటి లేదు.

మన ఇళ్లలో కూడా ఇలాగే అంటాం. ఒకరి ఇంట్లో "మంచినీళ్ల బిందె" అంటారు, ఇంకొకరి ఇంట్లో అదే బిందెను "రాగి బిందె" అంటారు. మొదటిది వాడకం, రెండోది కట్టుబడి. రెండూ తప్పు కాదు. కానీ మంచినీళ్ల బిందె అన్న మాట విని అది రాగిదే అయి ఉంటుందని అనుకుంటే పొరబడతాం. మీకు ఇంటర్వ్యూలో జరిగింది అదే.

పైథాన్ లిస్ట్ లోపల ఏముందో ఒకసారి చూద్దాం. మనం మామూలుగా ఇన్‌స్టాల్ చేసుకునే పైథాన్‌లో, అంటే సి భాషలో రాసిన సిపైథాన్‌లో, లిస్ట్ అంటే పక్కపక్కనే ఉన్న గదుల వరస. ఒక్కో గదిలో ఒక్కో వస్తువు ఎక్కడుందో చెప్పే పాయింటర్ ఉంటుంది. గదులన్నీ ఒకే సైజు. కాబట్టి 4000వ గది కావాలంటే మొదటి గది అడ్రసు తీసుకుని ఒక గుణకారం, ఒక కూడిక చేస్తే చాలు. లింక్డ్ లిస్ట్‌లో అయితే మొదటి నోడ్ దగ్గర బయలుదేరి లింకు తర్వాత లింకు పట్టుకుని 3999 అడుగులు నడవాలి.

చివర చేర్చడం కూడా పైథాన్ లిస్ట్‌లో తేలికే. గదులు నిండినప్పుడు అది పెద్ద చోటు తీసుకుంటుంది, అవసరమైతే పాత పాయింటర్లన్నీ అక్కడికి మారుస్తుంది. ప్రతిసారీ మార్చాల్సి రాకుండా సుమారు ఎనిమిదో వంతు గదులు అదనంగా ఉంచుకుంటుంది. జావాలో అర్రేలిస్ట్ ఇదే పనికి ఒక్కసారిగా ఒకటిన్నర రెట్లకు పెరుగుతుంది. కట్టుబడి ఒకటే, లెక్క మాత్రం వేరు.

ఖర్చు ఎక్కడ పడుతుందంటే ముందు వైపు. మొదటి వస్తువు తీసేస్తే మిగతావన్నీ ఒక్కో గది ముందుకు జరగాలి. ఈ సంగతి నాకు బాగా గుర్తుండిపోయిన కేసు ఒకటుంది. ఒక సంస్థలో రాత్రిపూట కస్టమర్లకు మెసేజ్‌లు పంపే జాబ్ ఉండేది. పంపాల్సినవన్నీ ఒక లిస్ట్‌లో పెట్టి, మొదటి నుంచి ఒక్కొక్కటి పాప్ చేస్తూ పంపేవాళ్లు. టెస్టులో రెండు వేల వరసలు, కంటికి కనిపించేలోపే అయిపోయింది. లైవ్‌లో ఎనిమిది లక్షలు. లెక్క వేయండి: వరసలు 400 రెట్లు పెరిగితే జరుపుళ్లు 400 రెట్లు పెరగవు, 1,60,000 రెట్లు పెరుగుతాయి. ఎనిమిది లక్షల లిస్ట్‌ను ముందు నుంచి ఖాళీ చేయాలంటే మొత్తం సుమారు 32 వేల కోట్ల పాయింటర్లు జరగాలి. ఆ కోడ్ రాసిన అమ్మాయి మంచి ప్రోగ్రామర్. ఆమెను అడిగితే, "లిస్ట్ కదండీ, ముందు నుంచి తీస్తే ఒక్క లింకు మారుతుంది అంతే కదా అనుకున్నాను" అంది. సి ప్లస్ ప్లస్ నుంచి వచ్చిన మనిషి ఆమె. అక్కడ లిస్ట్ అంటే నిజంగానే రెండు వైపులా లింకులున్న లింక్డ్ లిస్ట్. తన పాత భాషలో ఆ వాక్యం అక్షరాలా నిజం.

డెక్ అనే దానికి మార్చాం, పని సాఫీగా సాగింది. ఇక్కడ మీకు నచ్చే విషయం ఒకటి చెప్పాలి. సిపైథాన్‌లో డెక్ లోపల 64 గదుల ముక్కలు ఉంటాయి, ఆ ముక్కలను రెండు వైపులా గొలుసు కట్టి ఉంచుతారు. అంటే మీరు డిప్లొమాలో నేర్చుకున్న లింక్డ్ లిస్ట్ పైథాన్‌లో నిజంగా ఉంది, కాకపోతే లిస్ట్ అన్న పేరు కింద లేదు. రెండు కొసల్లో ఎక్కడ తీసినా, ఎక్కడ చేర్చినా డెక్ వేగంగా చేస్తుంది. మధ్యలోది అడిగితే మాత్రం ముక్కలు లెక్కపెట్టుకుంటూ నడుస్తుంది.

మరి లిస్ట్ అంటే గొలుసు అన్న అర్థం ఎక్కడ పుట్టింది? 1950లలో. న్యూవెల్, షా, సైమన్ అనే ముగ్గురు తమ ఐపిఎల్ (ఇన్ఫర్మేషన్ ప్రాసెసింగ్ లాంగ్వేజ్) భాషలో, మెమరీలో చెల్లాచెదురుగా ఉన్న ముక్కలను ఒకదానికి ఒకటి లింకు కట్టే పద్ధతి వాడారు. 1958లో ఎంఐటిలో జాన్ మెకార్తీ మొదలుపెట్టిన లిస్ప్ భాష దాన్ని లోకానికంతా అలవాటు చేసింది. లిస్ప్ అన్న పేరే లిస్ట్ ప్రాసెసర్ నుంచి వచ్చింది. ఆ భాషలో గొలుసులోని మొదటి వస్తువు కావాలంటే కార్ అంటారు, మిగతా గొలుసు కావాలంటే కుడర్ అంటారు. ఇక్కడ కార్ అంటే వాహనం కాదు, కుడర్ అన్నదానికి ఇంగ్లిష్‌లో కూడా అర్థమేమీ లేదు. ఐబిఎం 704 యంత్రంలో ఒక మెమరీ వర్డ్ 36 బిట్లు. అందులో అడ్రస్ భాగం, డిక్రిమెంట్ భాగం అని పదిహేనేసి బిట్ల ముక్కలు రెండు ఉండేవి. అడ్రస్ భాగంలో ఉన్నది కార్, డిక్రిమెంట్ భాగంలో ఉన్నది కుడర్. ఆ యంత్రం ఎప్పుడో పోయింది. దాని లోపలి భాగాల పేర్లు మాత్రం ఇప్పటికీ కొన్ని భాషల్లో బతికే ఉన్నాయి. కట్టుబడిని బట్టి పేరు పెడితే ఏమవుతుందో చెప్పడానికి నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే ఇస్తాను.

లిస్ప్ దారిలో నడిచిన భాషల్లో, ఉదాహరణకు హాస్కెల్‌లో, ఇప్పటికీ లిస్ట్ అంటే లింక్డ్ లిస్టే. సి ప్లస్ ప్లస్‌లో కూడా అంతే. పైథాన్ మాత్రం ఆ మాటను మామూలు మనుషుల అర్థంలో తీసుకుంది: కిరాణా లిస్ట్, పెళ్లికి పిలవాల్సినవాళ్ల లిస్ట్. ఒకదాని కింద ఒకటి రాసిన వరస, చివర ఇంకొకటి చేర్చుకోవచ్చు, నచ్చనిది కొట్టేయొచ్చు. లోపల గొలుసు ఉందా గదులున్నాయా అన్నది ఆ పేరు చెప్పే విషయం కాదు.

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన పద్ధతి జావాది. 1998లో జావా 1.2తో కలెక్షన్స్ ఫ్రేమ్‌వర్క్ వచ్చింది, దాన్ని రూపొందించింది జాషువా బ్లాక్. అందులో లిస్ట్ అన్నది ఉత్త ఇంటర్‌ఫేస్, వాడకం మాత్రమే. దాన్ని కట్టిన క్లాసులకు అర్రేలిస్ట్, లింక్డ్‌లిస్ట్ అని పేర్లు. పేరులో రెండో సగం వాడకం, మొదటి సగం కట్టుబడి. హ్యాష్‌మ్యాప్, ట్రీమ్యాప్ కూడా అంతే. మనం "రాగి మంచినీళ్ల బిందె" అన్నట్టు రెండూ ఒకే పేరులో ఉన్నాయి. నా దగ్గరికి కొత్తగా వచ్చినవాళ్లకు ఏ భాష నేర్పుతున్నా సరే, ముందు ఈ నాలుగు పేర్లు బోర్డు మీద రాసి అడ్డంగా గీత గీసి చూపిస్తాను. ఆ గీత ఒకసారి మనసులో పడితే మిగతా భాషలు తేలికవుతాయి.

సి షార్ప్‌లో మళ్లీ తిరకాసు. మొదట్లో అక్కడ కూడా అర్రేలిస్ట్ ఉండేది. 2005లో జెనరిక్స్ (లోపల ఏ రకం వస్తువులు ఉంటాయో ముందే చెప్పే పద్ధతి) వచ్చినప్పుడు కొత్త దానికి ఉత్త లిస్ట్ అని పేరు పెట్టారు. కట్టుబడి మాత్రం అర్రేనే. జావా నుంచి వెళ్లినవాళ్లు అక్కడ లిస్ట్ ఇంటర్‌ఫేస్ అనుకుని వెతుక్కుంటారు, సి ప్లస్ ప్లస్ నుంచి వెళ్లినవాళ్లు గొలుసు అనుకుంటారు. అసలు గొలుసు కావాలంటే అక్కడ లింక్డ్‌లిస్ట్ అని విడిగా ఉంది.

ఇక వెక్టర్. నాలాగా ఇంటర్‌లో తెలుగు మీడియంలో లెక్కలు చదివినవాళ్లకు ఈ పేరు మరీ ఇబ్బంది. వెక్టర్ అంటే మనకు సదిశ. పరిమాణం ఉండాలి, దిశ ఉండాలి, రెండు సదిశలను కూడితే ఇంకో సదిశ రావాలి. సి ప్లస్ ప్లస్‌లో వెక్టర్‌కు దిశ లేదు, రెండిటిని ప్లస్ గుర్తుతో కూడటం కూడా కుదరదు. అది పెరిగే అర్రే, అంతే. పైథాన్ లిస్ట్‌కు స్వయానా తోబుట్టువు. సి ప్లస్ ప్లస్‌లో వెక్టర్, లిస్ట్ లాంటివి ఉన్న లైబ్రరీని రూపొందించిన అలెగ్జాండర్ స్టెపనోవ్ ఈ పేరును స్కీమ్, కామన్ లిస్ప్ భాషల నుంచి తీసుకున్నారు. లిస్ప్ కుటుంబంలో లిస్ట్ అన్న మాట అప్పటికే గొలుసుకు వెళ్లిపోయింది కదా, పక్కపక్క గదుల వరసకు వెక్టర్ అన్నారు. గణితంలో ఆ మాటకున్న పాత అర్థంతో ఇది పొసగదని, అర్రే అని పిలిచి ఉండాల్సిందని స్టెపనోవ్ తర్వాత స్వయంగా రాశారు. కానీ అప్పటికే లక్షల ప్రోగ్రాముల్లో ఆ పేరు పాతుకుపోయింది. రస్ట్ భాష కూడా అదే దారిలో వెక్ అని పెట్టుకుంది. స్టెపనోవ్ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఆ పేరు చూసి అర్థం కాక తల పట్టుకున్న విద్యార్థులను చాలామందిని చూశాను. అర్థం కాకపోవడానికి కారణం ఉంది, ఆ కారణాన్ని పేరు పెట్టిన మనిషే ఒప్పుకున్నారు.

అదే సమయంలో పైథాన్‌లో నమ్‌పై లైబ్రరీ వాడితే, అక్కడి అర్రే గణితంలోని సదిశలాగే ప్రవర్తిస్తుంది. 1, 2 ఉన్న అర్రేకు 3, 4 ఉన్న అర్రే కలిపితే 4, 6 వస్తాయి. అదే మామూలు పైథాన్ లిస్ట్‌లతో చేస్తే 1, 2, 3, 4 అని నాలుగు వస్తువుల లిస్ట్ వస్తుంది. డేటా సైన్స్ నేర్చుకునేవాళ్లు మొదటి నెలలో తప్పకుండా పడే గుంట ఇది. పైగా పైథాన్‌లో అర్రే అనే మాడ్యూల్ ఇంకొకటి విడిగా ఉంది, ఒకే రకం అంకెలను తక్కువ చోటులో దాచుకోవడానికి. కాబట్టి ఎవరైనా "పైథాన్‌లో అర్రే" అంటే ఏ అర్రే అని అడగడంలో తప్పు లేదు.

అర్రే అన్న మాట కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. 1957లో వచ్చిన ఫోర్ట్రాన్‌లో దాని సైజు ముందే చెప్పాలి, లెక్క 1 నుంచి మొదలవుతుంది. సి భాషలో 0 నుంచి, ఎందుకంటే అక్కడ ఇండెక్స్ అంటే మొదటి గది నుంచి ఎంత దూరం అని అర్థం. జావాస్క్రిప్ట్‌లో అర్రే ఇష్టమొచ్చినంత పెరుగుతుంది. పిహెచ్‌పిలో అర్రే అంటే అసలు కీ (వెతికే గుర్తు), వాల్యూ (దానికి దొరికే విలువ) జతలను చేర్చిన వరసలోనే గుర్తుపెట్టుకునే హ్యాష్ టేబుల్, హ్యాష్ అంటే ఏమిటో కింద చెబుతాను. పిహెచ్‌పి ఒక్కటే తెలిసినవారికి అర్రే, డిక్షనరీ అని రెండు వేరు వస్తువులు ఎందుకుండాలో ముందు అర్థం కాదు. అది వాళ్ల తప్పు కాదు, వాళ్ల భాషలో రెండూ ఒకటే.

స్లైస్ అన్న మాట గురించి ఒక హెచ్చరిక. గో భాషలో స్లైస్ అంటే ఒక అర్రేలో కొంత భాగం మీద తెరిచిన కిటికీ. అందులో మార్చితే అసలు అర్రే కూడా మారుతుంది. పైథాన్ లిస్ట్‌ను స్లైస్ చేస్తే కొత్త కాపీ వస్తుంది, దాన్ని ఎంత మార్చినా అసలుది కదలదు. నమ్‌పైలో స్లైస్ చేస్తే మళ్లీ గో లాగా అసలుదే. ఒకే భాషలో, ఒకే చదరపు బ్రాకెట్లతో, రెండు ప్రవర్తనలు. రెండిటినీ కలిపి వాడే ఫైలులో పని చేస్తున్నప్పుడు నేను ఇప్పటికీ ఆగి చూసుకుంటాను.

ఇప్పుడు కీ ఇస్తే వాల్యూ ఇచ్చే వాటి సంగతి. ఎక్కువ పేర్లు ఉన్నది ఈ ఒక్క వస్తువుకే. 1977లో వచ్చిన ఆక్‌లో అసోసియేటివ్ అర్రే, స్మాల్‌టాక్‌లో డిక్షనరీ, పైథాన్‌లో డిక్ట్, పెర్ల్, రూబీలలో హ్యాష్, లువాలో టేబుల్, జావా, గో, సి ప్లస్ ప్లస్‌లలో మ్యాప్. వీటిలో హ్యాష్ ఒక్కటే కట్టుబడిని చెబుతుంది. ఆ మాటకు ముక్కలుగా తరిగి కలపడం అని అర్థం. కీని తరిగి ఒక అంకెగా మార్చి, ఆ అంకెను బట్టి ఏ గదిలో పెట్టాలో తేల్చే పద్ధతి అది. ఐబిఎంలో హాన్స్ పీటర్ లూన్ 1953లోనే ఈ ఆలోచన రాసి పెట్టారు. పెర్ల్ వాళ్లు అసోసియేటివ్ అర్రే అన్న పొడుగు పేరును హ్యాష్ అని కుదించుకున్నారు, రూబీ అదే తీసుకుంది.

మ్యాప్ గణితం నుంచి వచ్చింది. తెలుగు మీడియం లెక్కల్లో మనం చదివిన ప్రమేయమే: ప్రదేశంలోని ప్రతి మూలకానికి సహప్రదేశంలో ఒక్కటే జోడీ. కీ ఒకటైతే వాల్యూ ఒకటే అన్న నియమం అక్కడిదే. ఈ పేరుకు ఉన్న చిక్కు ఏమిటంటే, ఒక లిస్ట్‌లోని ప్రతి వస్తువు మీద ఒక ఫంక్షన్ నడిపించడాన్ని కూడా మ్యాప్ అనే అంటారు. అది లిస్ప్ నుంచి వచ్చిన వాడుక. జావాస్క్రిప్ట్‌లో రెండూ ఉన్నాయి, పక్కపక్క లైన్లలోనే కనిపిస్తాయి.

డిక్షనరీ అన్న పేరు మనందరికీ దగ్గరిది, కానీ అది కూడా ఒక చోట తప్పుదారి పట్టిస్తుంది. డిక్షనరీ అనగానే బ్రౌన్ నిఘంటువులాగా అకారాది క్రమం గుర్తొస్తుంది. పైథాన్ డిక్ట్ అలా ఉండదు. 3.7 వెర్షన్ నుంచి చేర్చిన వరసను నిలబెడుతుందని గ్యారంటీ ఉంది, అంతకు ముందు ఆ గ్యారంటీ కూడా లేదు. అక్షర క్రమం ఎప్పుడూ లేదు. నిఘంటువు అంటే అకారాదిగానే ఉండాలని లేదని మనకు తెలియాలి నిజానికి. అమరకోశంలో పదాలు అక్షర క్రమంలో లేవు, స్వర్గవర్గం, వనౌషధివర్గం అంటూ విషయాన్ని బట్టి వర్గాలుగా ఉన్నాయి. వరస అన్నది నిఘంటువు అన్న మాటలో లేదు, కట్టిన మనిషి ఎంచుకున్న పద్ధతిలో ఉంది.

ఈ వరస విషయంలోనే నేను చూసిన రెండో కేసు. ఒక పాత సి ప్లస్ ప్లస్ ప్రోగ్రామును జావాలోకి మారుస్తున్నాం. ఖాతా నంబరు కీగా, నిల్వ వాల్యూగా ఒక మ్యాప్. దాని మీద లూప్ వేసి రిపోర్ట్ అచ్చు వేసేవాళ్లు. మార్చిన తర్వాత అంకెలన్నీ సరిపోయాయి, కూడిక సరిపోయింది, టెస్టులు పాసయ్యాయి. వారం తిరక్కుండా ఆ సంస్థ అకౌంట్స్ విభాగం నుంచి ఫోన్ వచ్చింది, ఖాతాలు గజిబిజిగా వస్తున్నాయి, పాత రిపోర్టుతో పోల్చి టిక్కు పెట్టుకోవడం కుదరడం లేదని. సి ప్లస్ ప్లస్‌లో మ్యాప్ అంటే కీలను ఎప్పుడూ క్రమంలో ఉంచే చెట్టు. పాత కోడ్‌లో ఎక్కడా సార్ట్ అన్న మాట లేదు, ఎందుకంటే మ్యాప్ ఆ పని చడీచప్పుడు లేకుండా చేస్తోంది. జావాలోకి మార్చినప్పుడు మ్యాప్ అనగానే చేయి అలవాటుగా హ్యాష్‌మ్యాప్ టైప్ చేసింది. దానికి ఏ వరసా లేదు. ట్రీమ్యాప్ పెట్టగానే సరిపోయింది. చేర్చిన వరస కావాలంటే లింక్డ్‌హ్యాష్‌మ్యాప్ అని మూడోది కూడా ఉంది.

సి ప్లస్ ప్లస్‌లోకి హ్యాష్ పద్ధతి మ్యాప్ 2011 స్టాండర్డ్‌తో వచ్చింది, అన్‌ఆర్డర్డ్ మ్యాప్ అన్న పేరుతో. హ్యాష్ మ్యాప్ అని సూటిగా పెట్టకపోవడానికి కారణం ఉంది. అప్పటికే చాలా కంపైలర్ల వాళ్లు ఆ పేరుతో తమ సొంత క్లాసులు ఇచ్చేశారు, వాటితో గొడవ రాకూడదని వేరే పేరు ఎంచుకున్నారు. ఇలా వచ్చిన పేరే అయినా ఇది చాలా మంచి పేరు అని నా అభిప్రాయం. వరస ఉండదని పేరులోనే చెబుతోంది. సెట్‌లకూ ఇదే కథ: పైథాన్ సెట్‌కు వరస లేదు, సి ప్లస్ ప్లస్ సెట్ క్రమంలో ఉంటుంది. సమితిలో వరస లెక్కలోకి రాదని చదువుకున్న మనకు పైథాన్‌దే సహజంగా అనిపిస్తుంది.

స్టాక్, హీప్ గురించి కూడా అడిగేవాళ్లు ఉంటారు కాబట్టి రెండు మాటలు. వీటికి తెలుగులో చక్కటి మాటలున్నాయి: దొంతర, కుప్ప. కుండల దొంతరలో పై కుండ తీయకుండా కింది కుండ తీయలేం, స్టాక్ అంటే అంతకంటే వేరే వివరణ అక్కర్లేదు. జర్మనీలో బావర్, జామెల్సన్ 1957లో ఈ పద్ధతికి పేటెంట్ దరఖాస్తు చేసినప్పుడు వాళ్ల భాషలో నేలమాళిగ అన్న అర్థం వచ్చే కెల్లర్ అనే మాట వాడారు. అంతకు ముందే అలన్ ట్యూరింగ్ పూడ్చడం, తవ్వి తీయడం అన్న అర్థం వచ్చే మాటలు వాడారు. మూడు చోట్లా పోలిక వేరైనా నియమం ఒకటే. జావాలోని పాత స్టాక్ క్లాస్ మాత్రం ఈ నియమం తప్పింది. దాన్ని వెక్టర్ మీద కట్టారు కాబట్టి దొంతర మధ్యలో చేయి పెట్టి కుండ లాగేయొచ్చు. కొత్త కోడ్‌లో దాని బదులు అర్రేడెక్ వాడండి.

హీప్ అన్న పేరుతో రెండు సంబంధం లేని వస్తువులు ఉన్నాయి. ప్రోగ్రాం నడుస్తుండగా అడిగి తీసుకునే మెమరీ ఒకటి, అది కుప్ప అన్న మాటకు సరిపోతుంది. 1964లో విలియమ్స్ హీప్‌సార్ట్‌తో పరిచయం చేసినది రెండోది. అది చెట్టులా ఉంటుంది, అందులో ప్రతి వస్తువూ నేరుగా తన కింద ఉన్న వాటికంటే ఎప్పుడూ పెద్దది లేదా ఎప్పుడూ చిన్నది (సమానమైనా సరే) అన్న గట్టి నియమం ఉంది. కుప్ప అనుకుంటే ఆ నియమం మరిచిపోతారు. ఇంటర్వ్యూలో హీప్ అనగానే ఏ హీప్ అని అడగండి, ఎవరూ తప్పుపట్టరు.

మీరు కోడ్ రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు. పైథాన్‌లో మీ వేరియబుల్‌కు లిస్ట్ అని గానీ డిక్ట్ అని గానీ పేరు పెట్టకండి. పెడితే ఆ తర్వాత అదే చోట అసలు లిస్ట్‌ను పిలవాలన్నప్పుడు, ఈ వస్తువును పిలవడం కుదరదు అంటూ ఎర్రర్ వస్తుంది. కొత్తవాళ్లు గంటలకొద్దీ వెతుకుతారు. రెండోది, వేరియబుల్ పేరులో కట్టుబడిని ఇరికించకండి. కస్టమర్‌లిస్ట్ అని పేరున్న వేరియబుల్ మూడేళ్ల తర్వాత డిక్షనరీగా మారిపోయి, పేరు మాత్రం అలాగే ఉన్న కోడ్‌ను నేను చాలాసార్లు రివ్యూ చేశాను. కస్టమర్లు అని బహువచనం చాలు. డిక్షనరీ అయితే దేన్ని బట్టి దేన్ని వెతుకుతామో చెప్పండి: ఫోన్ నంబరును బట్టి కస్టమర్.

ఎలా గుర్తుపెట్టుకోవాలి అని అడిగారు. పేర్ల పట్టిక బట్టీ పట్టకండి. కొత్త భాషకు వెళ్లినప్పుడు దాని డాక్యుమెంటేషన్ తెరిచి, ఒక్కో డేటా స్ట్రక్చర్ దగ్గర ఇవి చూడండి: మధ్యలో ఉన్నది అడిగితే వెంటనే ఇస్తుందా, నడిచి వెళ్లి తెస్తుందా? ముందు వైపు చేర్చితే ఖర్చెంత? లూప్ వేస్తే ఏ వరసలో వస్తాయి, ఆ వరసకు గ్యారంటీ ఉందా? సైజు పెరుగుతుందా? ఈ నాలుగిటికి జవాబు దొరికితే దాని పేరు ఏదైనా మీకు ఇబ్బంది ఉండదు. డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా లేకపోతే లక్ష వస్తువులు పెట్టి సమయం కొలవండి, ఐదు నిమిషాల పని. లింక్డ్ లిస్ట్ మీద మీరు పెట్టిన శ్రమ కూడా ఎక్కడికీ పోలేదు. ఈ నాలుగు ప్రశ్నలు మీకు వెంటనే అర్థమయ్యాయంటే దానివల్లే.

వచ్చేసారి ఎవరైనా పైథాన్ లిస్ట్ లోపల ఎలా ఉంటుందని అడిగితే ఇలా చెప్పండి: "సిపైథాన్‌లో అది పాయింటర్ల డైనమిక్ అర్రే సర్. ఇండెక్స్‌తో తీయడం వెంటనే అవుతుంది, చివర చేర్చడం సగటున వెంటనే అవుతుంది, ముందు చేర్చినా తీసినా మిగతావన్నీ జరగాలి. క్యూ కావాలంటే డెక్ వాడతాను. సి ప్లస్ ప్లస్‌లో లిస్ట్ అంటే మాత్రం లింక్డ్ లిస్ట్." ఆ చివరి వాక్యం తప్పకుండా చెప్పండి. ఇంటర్వ్యూ చేసే స్థానంలో నేను కూర్చున్నప్పుడు ఆ తేడా తెలిసిన అభ్యర్థిని తర్వాత అడిగేది తను చేసిన ప్రాజెక్టు గురించే, ఈ విషయం మీద ఇంకో ప్రశ్న వేయను.